పొడి చోటు చూపించు

మా ఆయన టైల్ నమూనా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టిన రోజు మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా" అన్నారు. ఆయన మొహం వెలిగింది. ఆవిడ తన టీ గ్లాసు తీసి ఆ టైల్ మీద పెట్టుకున్నారు.

"గ్లాసు కింద పెట్టుకోవడానికి బాగుంది. బల్లకి మరక పడదు," అన్నారు.

మా ఇంట్లో యుద్ధం అలా మొదలైంది.

దేని కోసమో ముందు చెప్పాలి. మా గేటుకీ వరండాకీ మధ్య చదరంగా కొంచెం లాన్ ఉంది. అది మా అత్తగారిది. ఆ మాటకొస్తే ఇల్లు కూడా ఆవిడదే, కానీ ఇంట్లో ఎవరు ఏ గదిని ఎలా మార్చుకున్నా ఆవిడ పట్టించుకోరు. వంటగదిలో డబ్బాలన్నీ నేను తిరగేసి సర్దుకుంటే నోరెత్తలేదు. లాన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. రోజూ పొద్దున్నే రబ్బరు పైపు ఈడ్చుకుంటూ ఈ మూల నుంచి ఆ మూల దాకా తనే తడిపేవారు. పోయిన చలికాలంలో ఆ పైపే కాలికి చుట్టుకుని పడ్డారు. కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. ఇక జన్మలో పైపు ఈడ్చకూడదని డాక్టరు గట్టిగా చెప్పేశారు.

"నువ్వు పైపు ముట్టుకోకూడదు. నీళ్ళు పెట్టకపోతే గడ్డి బతకదు. ఇంకెందుకమ్మా అది? టైల్స్ వేయిస్తే కారు లోపల పెట్టుకోవచ్చు. నీ భుజం కోసమే చెబుతున్నా," అన్నారు మా ఆయన.

భుజం కోసం అన్నది నిజం. కారు కోసం అన్నది ఇంకొంచెం నిజం. మా ఆయన చెడ్డవారు కాదు. అమ్మ పడిన రోజు ఆస్పత్రి వరండాలో గోడకి తిరిగి ఏడ్చిన మనిషి. కాకపోతే ఆయనకి దేన్ని చూసి భయం వేసినా దాని మీద సిమెంటు పోసేస్తే గాని నిద్రపట్టదు.

రోజూ నేను తడుపుతానన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. "ఒకళ్ళు దయతలచి పోసే నీళ్ళతో నా గడ్డి బతకక్కర్లేదు. అయినా నువ్వు తడుపుతూ కూర్చుంటే క్లినిక్కులో పళ్ళు పీకించుకునేవాళ్ళకి చీటీలు ఎవరిస్తారు?" అన్నారు. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తాను. నొప్పితో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం నా ఉద్యోగం. మా అత్తగారిని కూర్చోబెట్టడం మాత్రం ఇంతవరకూ నావల్ల కాలేదు.

వీధిలో అందరూ ఆవిడని మాస్టరమ్మ అంటారు. కొత్తవాళ్ళు బడిలో పాఠాలు చెప్పారేమో అనుకుంటారు. కాదు, యూనిఫారాలు కుట్టే పెద్ద షాపులో కటింగ్ మాస్టరు. ఆవిడ చేరిన రోజుల్లో అక్కడ ఆడవాళ్ళంటే బొత్తాలు కుట్టేవాళ్ళు, కాజాలు తీసేవాళ్ళు. ఆడవాళ్ళు కూర్చుని కుట్టాలి, మగవాళ్ళు నిలబడి కత్తిరించాలి, అదీ అక్కడి పద్ధతి. కత్తిరించే బల్ల దగ్గర తనూ నిలబడతానని ఈవిడ అడిగితే, "కత్తెర బరువు నీకేం తెలుసు" అని నవ్వాడట ఓనరు. మర్నాడు ఈవిడ సొంత కత్తెర పట్టుకుని వెళ్ళి ఆ బల్ల పక్కన నిలబడ్డారు. బొత్తాల దగ్గరికి పొమ్మంటే పోలేదు. పనిలోంచి తీసేస్తానంటే తీసేయమన్నారు గానీ బల్ల పక్కనుంచి కదల్లేదు. ఆఖరికి ఓనరు విసిగిపోయి, పాడైనా ఫరవాలేని గుడ్డ తాను ఒకటి పడేసి కొయ్యమన్నాడు. ఆవిడ కోత అయ్యాక చూస్తే పనికిరాని ముక్కలు గుప్పెడు కూడా మిగల్లేదు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ బల్ల ఆవిడదే.

ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. దీనికి రెండో సగం ఒకటుంది, అది నాకొక్కదానికే తెలుసు. టైల్స్ మాట వచ్చిన రోజుల్లోనే, భుజం సహకరించక ఆవిడ పాదాలకి మందు రాసే పని నాకు పడింది. ఆ మడమలు చూసి మందు సీసా కింద పెట్టేశాను. పగుళ్ళు సరే, వేళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, అరికాలు చెక్కలా గట్టిపడి ఉంది. నా మొహం చూసి ఆవిడే చెప్పారు.

"నిలబడే ఉద్యోగం కావాలని కొట్లాడానమ్మాయ్. గెలిచాను. పాదాలు ఓడిపోయాయి. షాపంతా గచ్చు. మగాళ్ళు కాళ్ళకింద గోనెపట్టా వేసుకునేవాళ్ళు. నేను వేసుకుంటే ఆడది కదా తట్టుకోలేకపోయింది అంటారని వేసుకోలేదు. ఒక్కరోజు కూడా వేసుకోలేదు."

రెండో పాదం నా ముందుకు జరిపి మళ్ళీ అన్నారు. "ఈ ఇల్లు కట్టినప్పుడు గోడలకి రంగు వెయ్యకముందే గడ్డి నాటాను. లోపలంతా గచ్చే కదా. నొప్పి లేకుండా నేను నిలబడగలిగిన చోటు ఈ ఇంట్లో అదొక్కటే. దాని మీద కూడా రాయి పరుస్తాడట వీడు."

"ఈ మాట ఆయనతో ఒక్కసారి చెప్పండి అత్తయ్యా, టైల్స్ ఊసే ఎత్తరు," అన్నాను.

"అందుకే చెప్పను. చెబితే జాలిపడి వదిలేస్తాడు. జాలి తగ్గిన రోజున మళ్ళీ అడుగుతాడు. పని చూసి వదలాలి గాని పాదాలు చూసి కాదు. నువ్వు నోరు జారావంటే నీతో మాట్లాడను."

నోరు కట్టుకోవడం నా ఒంట్లో లేని గుణం. ఆవిడ కోసం నేర్చుకున్నాను.

స్ప్రింక్లర్ల ఆలోచన ఆవిడకి ఆస్పత్రిలోనే వచ్చింది. భుజానికి వ్యాయామం చేయించే గదిలో కిటికీ పక్కన కూర్చునేవారు. బయట ఆస్పత్రి లాన్. వేళకి నేలలోంచి చిన్న చిన్న గొట్టాలు తలెత్తి, నాలుగువైపులా నీళ్ళు చల్లి, పని కాగానే మళ్ళీ నేలలోకి దిగిపోయేవి. తోటమాలి గొడుగు నీడలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండేవాడు. ఆవిడ నాలుగు వారాలు వ్యాయామం మానేసి అదే చూశారని నా అనుమానం.

టైల్ మీద గ్లాసు పెట్టిన మర్నాడు పొద్దున కొడుకుతో బేరం పెట్టారు.

"మేస్త్రీ ఎప్పుడొస్తాడు?"

"ఒక ఇంటి పని చేస్తున్నాడు. అది కాగానే వస్తానన్నాడు."

"వాడొచ్చేలోపు నేను పైపు ముట్టుకోకుండా లాన్ అంతా తడిసేలా చేస్తా. చేస్తే టైల్స్ మాట మళ్ళీ ఎత్తకు. చెయ్యలేకపోతే నీ ఇష్టం, మొత్తం పరిపించుకో."

"ఎలా చేస్తావమ్మా?"

"అది నా పని."

మా ఆయన నవ్వి సరేనన్నారు. అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆయనకి తెలుసు గానీ, ఈసారి కుందేలు దొరకదనుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడ టేపు పట్టుకుని లాన్‌లోకి దిగారు. మనిషికి కొలతలు తీసినట్టే తీశారు. గేటు వైపు వెడల్పుని భుజం అన్నారు, మధ్యలో పూలకుండీల దగ్గర కాస్త ఇరుకైన చోటుని నడుము అన్నారు, వరండా వైపు విశాలమైన అంచుని గౌను కింది ఘేరా అన్నారు. నేను టేపు రెండో కొస పట్టుకుని, "పొట్టి చేతులా పొడుగు చేతులా మేడమ్?" అని అడిగితే, "నోరు కుట్టేస్తా" అన్నారు. తర్వాత మోటారు లైనుకున్న కుళాయి కింద బకెట్ పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో గోడ గడియారం చూసుకున్నారు. నీటి జోరు తెలియకుండా ఆ నీళ్ళు చల్లే గొట్టాలు, అదే హెడ్డులు, కొంటే, కొలత తియ్యకుండా చొక్కా కుట్టినట్టేనట.

ప్లంబరు వచ్చాడు. మా వీధిలో అందరికీ అతనే. లాన్ చూశాడు, ఆవిడ లాన్ పటం గీసి బల్ల మీద పరిచిన బ్రౌన్ పేపరు చూశాడు, నీళ్ళు నమిలాడు.

"మాస్టరమ్మా, బాత్రూమ్ అయితే కళ్ళు మూసుకుని చేస్తాను. ఈ చల్లే సామాను నేనెప్పుడూ పెట్టలేదు. ఎవర్నైనా కంపెనీవాళ్ళని పిలవండి."

"నేనూ ఎప్పుడూ పెట్టలేదు. ఇద్దరం కొత్తవాళ్ళమే, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోనక్కర్లేదు. మోటారు లైనుకి జాయింటూ, వాల్వూ నువ్వు పెట్టు. ఏది ఎక్కడ రావాలో నేను గీస్తా."

హెడ్డు ఒక్కోటీ ఎంతదూరం చల్లుతుందో డబ్బా మీద ఉంది. ఆవిడ ఆ కొలతని పటానికి సరిపడా తగ్గించి గుండ్రటి కాగితాలు కత్తిరించుకున్నారు. ఎడమచేత్తో కత్తిరించారు, కుడిచెయ్యి కాగితం పట్టుకుంది. కత్తెర కాస్త వంకరపోయిన చోటల్లా ఎవరికీ వినపడకుండా తిట్టుకున్నారు. ఆ గుండ్రాలని లాన్ పటం మీద పేర్చడం మొదలుపెట్టారు. జరిపారు, తిప్పారు, మళ్ళీ జరిపారు. ఆఖరికి ఒకదాని అంచు ఒకదానికి సరిగ్గా తగిలేలా, ఒక్కటీ ఇంకోదాని మీదకి ఎక్కకుండా, పటమంతా నింపేశారు.

"చూశావా, ఒక్క హెడ్డు కూడా దండగ లేదు," అన్నారు. ఆ మొహంలో గర్వం నేనెప్పుడూ చూడనంత.

పటం నాకూ నచ్చింది. ప్లంబరుకీ నచ్చింది. మా ఆయన దాటుకుంటూ వెళ్ళి, వెనక్కి వచ్చి ఇంకోసారి చూసి ఆఫీసుకి వెళ్ళారు.

తవ్వకం నా వంతు. ముందు గడ్డిని పలకలుగా కోసి పక్కన పేర్చాలి, తర్వాత పైపు పట్టేంత లోతు కాలువ తియ్యాలి, పైపు వేశాక మట్టి కప్పి, పలకలు మళ్ళీ ఏ చోటివి ఆ చోట పెట్టాలి. అత్తగారు కుర్చీలో కూర్చుని, "లోతు చాలదు, వంకర పోతోంది, అక్కడ రాయి ఉంది చూసుకో" అంటూ నన్ను నడిపించారు. అరచేతులు బొబ్బలెక్కాయి. క్లినిక్కులో చీటీ ఇస్తుంటే ఒక పెద్దాయన నా చేతులు చూసి, "అయ్యో, ఈ డాక్టరు మీతో కూడా పని ఎక్కువే చేయిస్తున్నాడే" అన్నాడు. మా ఆయన రోజూ పొద్దున బూట్లు తొడుక్కుని మోటారు లైను కోసం లాన్ పక్క దారికి అడ్డంగా తీసిన కాలువల మీద నుంచి గంతులేస్తూ గేటు దాకా వెళ్ళేవారు. ఒకరోజు అంచు జారి చీలమండ దాకా బురదలోకి దిగారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నేను అనలేదు. అత్తగారు అన్నారు.

ఎదురింటాయన తన గేటు మీద మోచేతులాన్చి రోజూ చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "మాస్టరమ్మగారూ, ఎందుకీ వయసులో ఈ తంటాలు? శుభ్రంగా నాలా సిమెంటు చేయించుకోండి. మొక్కా లేదు, చెత్తా లేదు," అన్నాడు.

"దోమ కూడా లేదేమో మీ ఇంట్లో. దానికీ బతకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా," అన్నారు ఆవిడ. ఆయన మర్నాటి నుంచి కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు.

పైపులు అతికించడం, హెడ్డులు బిగించడం, మట్టి కప్పడం అన్నీ అయిన రోజు ప్లంబరు వాల్వు తిప్పాడు, నేను మోటారు స్విచ్ వేశాను. ముందు గాలి తుస్సుమంది. తర్వాత హెడ్డులు ఒక్కొక్కటే గడ్డిలోంచి తలెత్తి నీళ్ళు చిమ్మాయి. ప్లంబరు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. అతని వృత్తిలో నీళ్ళు బయటికి చిమ్మితే తిట్లు తినడమే గాని మెప్పు రావడం అదే మొదటిసారట. వాల్వుకి టైమరు కూడా బిగించి వెళ్ళాడు. ఇక ఎవరూ ఏమీ ముట్టుకోనక్కర్లేదు. మేస్త్రీ ఇంకా రాలేదు. మేస్త్రీలు రేపు అంటే ఆ రేపుకి క్యాలెండర్లో తేదీ ఉండదు కదా. ఆ విషయంలో దేవుడు మావైపే ఉన్నాడనుకున్నాను.

ఎండలు ముదిరాయి. రోజూ వేళకి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. అయినా లాన్ అక్కడక్కడా పసుపు తిరగడం మొదలైంది. వారం తిరిగేసరికి పసుపు పోయి గోధుమరంగు వచ్చింది. చిత్రం ఏమిటంటే ఆ ఎండిన మచ్చలన్నీ ఒకటే ఆకారంలో ఉన్నాయి. నాలుగు మూలలూ మొనదేలి సాగి, నాలుగు పక్కలూ లోపలికి వంగి. మా ఆయన వరండాలో నిలబడి వాటిని చూశారు. ఫోను తీసి మేస్త్రీతో మాట్లాడారు, అదీ మాకు వినపడేలా. రెండు రోజుల్లో వస్తాడట. ఈసారి నిజంగానే వచ్చేట్టున్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. మర్నాడు తెల్లవారుతుండగానే లేచి, షెడ్డులోంచి రబ్బరు పైపు తీసి, ఆ మచ్చల మీద నీళ్ళు పట్టడం మొదలెట్టాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించి వెనక్కి చూస్తే అత్తగారు.

"ఎవర్ని మోసం చేద్దామని?"

"మీ గడ్డి కోసమే కదా అత్తయ్యా."

"దొంగచాటుగా తడిపిన గడ్డి మీద నేను నిలబడలేను. పైపు లోపల పెట్టు."

పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఒక ఎండిన మచ్చ పక్కన కష్టపడి కింద కూర్చుని, దాని అంచు వెంబడి వేలితో గీస్తున్నారు. అంచంతా గీశాక, "ఇది టోపీల తాను," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"బడిపిల్లల టోపీలు కోసేవాళ్ళం. పైన గుండ్రటి ముక్క ఉంటుంది చూడు, అది. తాను మీద గుండ్రాలు ఎంత దగ్గరగా పేర్చి కోసినా, నాలుగు గుండ్రాల మధ్య ఇదిగో, ఇలాంటి ముక్క మిగిలిపోతుంది. దాన్ని ఎలా తగ్గించాలా అనే నా జీవితమంతా చూశాను. ఇప్పుడు నా చేత్తో నేనే దాన్ని ఇక్కడ కోసి పెట్టాను."

పటం మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. తప్పు ఎక్కడుందో చూశాక ఇంత తేలికా అనిపించింది. గుండ్రాలు అంచుకి అంచు తగిలితే చాలదు. ఒక హెడ్డు చల్లే నీళ్ళు పక్క హెడ్డు కాళ్ళ దాకా వెళ్ళాలి. ప్రతి చోటా రెండు మూడు వైపుల నుంచి పడాలి. అంటే గుండ్రాలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కాలి. మూలల్లో పావు గుండ్రం, గోడల వెంట సగం గుండ్రం చల్లే హెడ్డులు కావాలి.

తేలికే, కానీ ఆవిడ చెయ్యి ఒప్పుకోలేదు. ఒక గుండ్రం మీద ఇంకో గుండ్రం పెట్టబోయి, తనకి తెలియకుండానే పక్కకి జరిపేసేవారు. మళ్ళీ పెట్టేవారు, మళ్ళీ వేళ్ళు దాన్ని అంచు దాకా నెట్టేసేవి. కటింగ్ బల్ల మీద ముక్క మీదకి ముక్క ఎక్కితే గుడ్డ పాడైనట్టే. అంతకాలం అలవాటైన వేళ్ళు ఆవిడ మాటే వినడం మానేశాయి. ఆఖరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు పేర్చమ్మాయ్. నా చెయ్యి పడనివ్వదు," అన్నారు.

నేను పేర్చాను. ఆవిడ కళ్ళు తిప్పుకోకుండా చూశారు. ఒక కాగితం ఇంకోదాని మీదకి ఎక్కినప్పుడల్లా ఆవిడ పెదవి బిగుసుకుంది.

"ఇన్నేళ్ళలో కోసింది ఎప్పుడూ మళ్ళీ కొయ్యలేదు నేను. కత్తెర పడ్డాక వెనక్కి లేదనేదాన్ని," అన్నారు. తర్వాత కాగితాల మీద అరచెయ్యి వేసి నొక్కి, "నీళ్ళు గుడ్డ కాదు. మొత్తం విప్పేద్దాం. ప్లంబర్ని పిలువు," అన్నారు.

ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నేను చూశాను. ఓనర్ని ఎదిరించడం కంటే కష్టం. ఓనరు బయటివాడు, ఇది తన చెయ్యి.

ఆ రెండు రోజులూ నేను క్లినిక్కుకి సెలవు పెట్టాను. ప్లంబరు వేరే ఇంటి పని మానుకుని వచ్చాడు. తను చప్పట్లు కొట్టిన పని చెడిపోతే అతనికీ పరువు తక్కువేనట. కప్పిన కాలువలు మళ్ళీ తవ్వాం. పైపులు కోశాం, పొడిగించాం. హెడ్డులు గోడల వెంటా మూలల్లోకీ జరిగాయి, ఇంకొన్ని కొత్తవి చేరాయి. ఇన్నిటినీ మోటారు ఒకేసారి లేపలేదని బకెట్ లెక్క చూసి ఆవిడే చెప్పారు. అందుకని లాన్‌ని రెండు భాగాలు చేసి, గేటు వైపుకి ఒక వాల్వు, వరండా వైపుకి ఒక వాల్వు పెట్టాడు. ఎదురింటి కిటికీ తెర మా వల్ల రెండు రోజులు ఒక పక్కకే ఉండిపోయింది.

మూడోరోజు పొద్దున ఆఖరి గడ్డి పలక తొక్కి సర్దుతుంటే మేస్త్రీ బండి వచ్చి గేటు దగ్గర ఆగింది. బండి నిండా సిమెంటు బస్తాలు, టైల్స్ పెట్టెలు. మా ఆయన ఆఫీసు బట్టల్లో వరండా దిగి, పక్క దారిలోంచి గేటు దగ్గరికి వెళ్ళి మేస్త్రీ పక్కన నిలబడ్డారు. లాన్ చూశారు. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి, గడ్డి రెండు రోజుల్లో పచ్చబడదు కదా. పైగా అంతా అతుకుల బొంతలా ఉంది.

"ఇంక చాలమ్మా," అన్నారాయన. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "నువ్వు చెయ్యగలిగినంత చేశావు. మేస్త్రీ, దింపించు."

అత్తగారు లాన్ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. చెప్పులు వరండాలో ఉన్నాయి. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, నావైపు చూసి గడ్డం కొద్దిగా ఎత్తారు. ఆయన మాటా ఆవిడ గడ్డమూ రెండూ ఒకేసారి నా దగ్గరికి వచ్చాయి. ఎవరి మాట వినాలో నేను ఆలోచించలేదు. పలక వదిలేసి వరండా గోడ దగ్గరికి వెళ్ళాను. స్విచ్ వేశాను.

గేటు వైపు హెడ్డులన్నీ లేచాయి. గోడ వెంట ఉన్నవి లోపలికీ, మూలల్లోవి ఏటవాలుగానూ, ఒకదాని నీళ్ళు ఇంకోదాని మీద పడుతూ గేటు ముందు నీళ్ళ తెర కట్టేశాయి. అప్పుడే మొదటి బస్తా భుజానికెత్తుకున్న మనిషి ఒక్క ఉదుటున వెనక్కి గెంతాడు.

"సార్, నీళ్ళాపండి. బస్తాలు తడిస్తే రాళ్ళయిపోతాయి," అని మేస్త్రీ బండిని వెనక్కి తోయించాడు.

"అమ్మా, ఏంటిది?" అన్నారు మా ఆయన.

"మన బేరం పచ్చగా ఉండడం గురించి కాదురా. లాన్ అంతా తడవడం గురించి. లోపలికొచ్చి చూసుకో. ఎక్కడైనా ఒక్క పొడి చోటు చూపించు. ఆ చోట నీ టైలు వెయ్యి, నేను లేచి పోతాను."

ఆయన మేస్త్రీని చూశారు, నన్ను చూశారు. నేను స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆయనకీ పంతం వచ్చింది. ఎంతైనా ఆవిడ కొడుకే కదా. బూట్లు తడుస్తాయని విప్పి గేటు పక్కన పెట్టి, మేజోళ్ళు వాటిలో కుక్కి, ప్యాంటు పైకి మడుచుకుని లోపలికి అడుగుపెట్టారు. రెండడుగుల్లో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒక మూలకి వెళ్ళారు. అక్కడ నీళ్ళు. మొన్నటి ఎండు మచ్చల్లో ఒకదాని దగ్గరికి వెళ్ళి వంగి చేత్తో తడిమారు. అక్కడ మూడువైపుల నుంచి పడుతున్నాయి. గేటు వైపున్న మచ్చలన్నీ వరసగా చూశారు. తర్వాత నిటారుగా నిలబడి, ఏదో దొరికినట్టు వరండా వైపు వేలు చూపించారు.

"అదిగో, ఆ సగమంతా పొడిగా ఉంది."

"అమ్మాయ్, రెండోది," అన్నారు అత్తగారు.

వాల్వు మార్చాను. గేటు వైపువి నేలలోకి దిగిపోయాయి, వరండా వైపువి లేచి అత్తగారి ఒళ్ళో, కుర్చీ మీద, ఆవిడ నెరిసిన జుట్టు మీద కురిశాయి. ఆవిడ కదల్లేదు. మా ఆయన చేతులు జారవిడిచి, ఆ నీళ్ళలో కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డారు. గేటు అవతల మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఎదురింటాయన మళ్ళీ గేటు దగ్గరికే వచ్చేశాడు.

ఆయన గడ్డిని పరీక్షగా చూశారు. పాదాలు ఒకటి ఎత్తి ఒకటి దించారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బూట్లలో, ఆఫీసు గచ్చు మీద తిరిగే పాదాలవి. ఈ ఇంట్లోనే పెరిగారు, అయినా నేను కాపురానికొచ్చాక ఎప్పుడూ పక్క దారిలోంచే నడిచారు గాని లాన్‌లో చెప్పుల్లేకుండా నిలబడినట్టు నాకు గుర్తులేదు.

"ఏమిటో అమ్మా, కాళ్ళకి హాయిగా ఉంది," అన్నారు.

ఆవిడ పాదాల సంగతి నా నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అత్తగారు నావైపు ఒక్కసారి చూసి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు. కొడుకు పక్కనే, వంకర్లు పోయిన తన వేళ్ళు తడి గడ్డిలో ఆన్చి నిలబడ్డారు.

"మరి," అన్నారు.